బాబాయి కూతురు

సత్యవేణి ముందు పాస్‌పోర్టు పెట్టినవాడు ఎంతటివాడైనా ఒకసారి చెమటలు కక్కాల్సిందే. ఫొటో చూస్తుంది, మొహం చూస్తుంది, మళ్ళీ ఫొటో చూస్తుంది. వీసా మీద తేదీని వేలితో తడిమి మరీ చూస్తుంది. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పంచాయితీకి దొంగని పట్టుకొచ్చినట్టు, "ఊఁ, చెప్పండి" అంటుంది. సికింద్రాబాదులోని ఆ ఆస్పత్రిలో విదేశీ రోగుల కాయితాలు చూసే బల్ల దగ్గరికి తను వచ్చాక ఒక్క దొంగ కాయితం లోపలికి పోలేదని ఆవిడే చెప్పుకునేది. ఎవరూ కాదనలేదు. కాదంటే ఆవిడ నోట్లో పడాలి, ఆ ధైర్యం ఎవరికుంది?

అయినా ఆవిణ్ణి మాత్రం ఏమనగలం! ఆ ఏడాదే నగరంలో ఇంకో ఆస్పత్రిలో ఎవణ్ణో పట్టుకొచ్చి తమ్ముడని చూపించి కిడ్నీ తీయించిన సంగతి బయటపడింది. పెద్ద డాక్టర్లు, పెద్ద మేనేజర్లు బాగానే ఉన్నారు. కాయితాలు చూసిన అమ్మాయి మాత్రం పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి ఉద్యోగం పోగొట్టుకుంది. ఆ వార్త వచ్చిన రోజే వీళ్ళ మేనేజరు విష్ణువర్ధన్ అందర్నీ గదిలోకి పిలిచి తలుపేశాడు.

"చట్టం ఎవరి కిడ్నీ ఒప్పుకుంటుందో బట్టీ పట్టండి. తల్లి, తండ్రి, పిల్లలు, సొంత అన్నదమ్ములు, సొంత అక్కచెల్లెళ్ళు, తాతలు, మనవలు, భార్య, భర్త. ఫుల్‌స్టాప్. విదేశీయులైతే ఈ లిస్టు దాటి ఒక్కరు కూడా వద్దు. కజిన్ అన్న మాట వినపడితే ఫైల్ అక్కడే మూసెయ్యండి. తేడా వస్తే నేనెవర్నీ కాపాడను, ముందే చెప్తున్నా" అన్నాడు.

సత్యవేణికి ఒకరు చెప్పాలా! విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపరం పెట్టి, బిల్లింగు కౌంటర్లో మొదలుపెట్టి, ఇంగ్లీషు ముక్కలు ఏరుకుని ఏరుకుని ఈ కుర్చీ దాకా వచ్చిన మనిషి. ఎవడో పరదేశి అబద్ధానికి ఈ కుర్చీ వదులుకుంటుందా?

అలాంటి రోజుల్లో వచ్చారు ఇద్రీస్, నజాత్. సూడాన్ దేశం. మొగుడు ఇద్రీస్, పొలాలకు నీళ్ళు తోడే పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కు. నలభై దాటాయో లేదో, రెండు కిడ్నీలూ పోయాయి. వాళ్ళ ఊళ్ళో యుద్ధం, ఆస్పత్రి లేదు, ఉన్నా కరెంటు లేదు. రెజిమెంటల్ బజార్లో ఒక లాడ్జిలో గది తీసుకుని, రోజు విడిచి రోజు డయాలసిస్‌కి వస్తున్నాడు. పెళ్ళాం నజాత్ కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ చేశారు, సరిపోయింది. డాక్టర్లు సిద్ధం. కమిటీ ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది. ఆ కమిటీ కూర్చునేది గురువారం. వీళ్ళ వీసా అయిపోయేది నెలాఖరుకి. కమిటీ సరే అంటే ఆస్పత్రి ఉత్తరం ఇస్తుంది, ఉత్తరం ఉంటే వీసా పొడిగిస్తారు. కమిటీ కాదంటే ఉత్తరం లేదు, వీసా లేదు, కిడ్నీ లేదు. మూటాముల్లె సర్దుకుని, డయాలసిస్ మిషనే లేని ఊరికి పోవాలి. పోతే ఎన్నాళ్ళు బతుకుతాడో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

కమిటీకి పంపేముందు మొగుడూ పెళ్ళాలని సత్యవేణి ఒకసారి విచారించడం అక్కడి పద్ధతి. మధ్యలో దుబాసీగా అవజ్ భాయ్ కూర్చుంటాడు. పేరు అవజ్ బిన్ సాలం. బార్కస్ మనిషి, తాతల నాడు అరబ్బు దేశం నుంచి నిజాం కొలువుకి వచ్చిన కుటుంబం. అరబ్బీ ఇంట్లోనూ నేర్చాడు, గల్ఫ్‌లో పనిచేసీ నేర్చాడు. రోగుల దగ్గర తినే మనిషని సత్యవేణికి అతని మీద ఎప్పుడూ ఒక కన్ను. తిన్నట్టు ఆధారం లేదు. ఆధారం లేకపోవడమే ఆవిడకి పెద్ద ఆధారం.

"పెళ్ళి ఫొటోలేవీ?" అంది సత్యవేణి.

"ఇల్లు కాలిపోయిందంట మేడం. ఫోన్ల ఇది ఒక్కటే మిగిలింది." అవజ్ ఫోను చూపించాడు. అందులో నజాత్ పక్కన ఇద్రీస్ లావుగా, నవ్వుతూ ఉన్నాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నది అందులో సగం మనిషి.

"ఒక్క ఫొటోతో పెళ్ళి అయిపోతుందా? సరే, పెళ్ళికి ముందు ఈవిడ మీకు తెలుసా, అడుగు."

అవజ్ అడిగాడు. ఇద్రీస్ మొహం విప్పారింది. ఒంట్లో సత్తువ లేకపోయినా నవ్వి, చెయ్యెత్తి ఏదో గొప్పగా చెప్పాడు. నజాత్ తల దించుకుని తనూ నవ్వింది.

"తెలుసుడేంది, మా ఇంట్లనే పుట్టిందంటున్నడు మేడం. మా నాయిన, ఆమె నాయిన సొంత అన్నదమ్ములు, ఒక్కటే వాకిలి అంటున్నడు."

సత్యవేణి కలం ఆగింది.

"ఏటీ?" అంది. కోపమొచ్చినా, కంగారొచ్చినా ఆవిడ నోట్లోంచి ఊరి మాటే ముందు వస్తుంది. "మేనత్త కూతురా? మేనమామ కూతురా? సరిగ్గా అడుగు."

"రెండూ గాదు మేడం. చిన్నాయిన బిడ్డ. బాబాయి కూతురు."

సత్యవేణికి ఒళ్ళు జలదరించింది. నిజంగానే, చేతుల మీద రోమాలు లేచాయి. మేనరికాలు ఆవిడకి కొత్తా? వాళ్ళ ఇళ్ళలో సగం పెళ్ళిళ్ళు అవే. ముస్లిముల్లో ఇంట్లో వాళ్ళనే చేసుకుంటారని ఎప్పుడో విన్నది, అదీ మనలాగే మేనరికం కాబోలు అనుకుంది. కానీ బాబాయి కూతురా! బాబాయి కూతురంటే చెల్లెలు. ఒకటే ఇంటిపేరు, ఒకటే గోత్రం. పురుడొస్తే ఇద్దరికీ ఒకటే పురుడు, చావొస్తే ఇద్దరికీ ఒకటే మైల. అన్న పెళ్ళిలో ఆడపడుచు హోదాలో తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, వదిన చేత పేరు చెప్పించే పిల్ల. ఆ పిల్లని పెళ్ళి చేసుకోవడమా? ఏ మనిషి చేస్తాడు?

ఎవడూ చెయ్యడు. అంటే పెళ్ళే జరగలేదు. కజిన్ కిడ్నీ చట్టం ఒప్పుకోదని తెలిసి, కజిన్ని పెళ్ళాంగా మార్చి కాయితం పుట్టించారు. వాళ్ళ రాయబార కార్యాలయం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఆ కాయితం చూసి, భార్యాభర్తలేనని ఉత్తరం ఇచ్చుంటారు. అంతా అద్దంలో చూసినట్టు కనపడింది సత్యవేణికి. దొరికారు రా బాబూ అనుకుంది. పట్టేసినందుకు లోపల ఒక సంతోషం కూడా కలిగింది, ఎందుకు దాచాలి!

"చాలు. వెళ్ళమను" అంది.

వాళ్ళు బయటికి వెళ్ళగానే అవజ్ తిరిగి వచ్చాడు. ఆవిడ కంప్యూటరు మీద రాస్తున్నది చూసి అతనికి సంగతి అర్థమైంది.

"మేడం, గట్ల రాయకుండ్రి. జెర ఇనుండ్రి. మా దాంట్ల ఇది మామూలు. చాచా బిడ్డ ఉంటే ముందు ఆమెనే అడుగుతరు. నేను సుత మా చాచా బిడ్డనే చేసుకున్న."

"నువ్వు చెప్పక ఇంకేం చెప్తావు? పిల్లికి ఎలక సాక్ష్యం. ఎంత ఇస్తానన్నారు నీకు?"

అవజ్ మొహం నల్లబడింది. "నా పెండ్లాం మీద ఒట్టేసి చెప్తున్న మేడం, పైస తీసుకోలే."

"పెళ్ళామో, చెల్లెలో" అంది సత్యవేణి.

ఆ మాట అనాల్సింది కాదు. అన్నాక వెనక్కి తీసుకోవడం ఆవిడకి రాదు. అవజ్ ఆవిడ వైపు ఒక్కసారి చూసి, వెళ్ళిపోయాడు. సత్యవేణి రాయడం పూర్తిచేసింది. కిడ్నీ ఇచ్చే మనిషీ, పుచ్చుకునే మనిషీ ఒకే తాతకి మనవలు, భార్యాభర్తలమని చూపిస్తున్న కాయితం నమ్మదగ్గది కాదు, కజిన్ కిడ్నీ ఇప్పించడానికే దాన్ని పుట్టించినట్టు అనుమానం. చదువుకుని, మేనేజరుకీ కమిటీకీ పంపించేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు పైడిబాబుకి టీ ఇస్తూ ఈ సంగతంతా వైనంగా చెప్పింది. పైడిబాబు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిడకి మొగుడు కాకముందు మేనమామ, తల్లి మరిడమ్మకి సొంత తమ్ముడు. చిన్నప్పుడు ఆవిణ్ణి భుజాన ఎక్కించుకుని తీర్థానికి తీసుకెళ్ళినవాడే పెద్దయ్యాక మెళ్ళో పుస్తె కట్టాడు. అత్తారిల్లంటే ఆవిడకి అమ్మమ్మ ఇల్లే. ఆయన్ని పిలవడం పెళ్ళికి ముందూ మావా అనే, పెళ్ళయ్యాకా మావా అనే.

"ఓలమ్మో! సిన్నాన్న కూతుర్నేటి? సెల్లెలు గాదేటే అది!" అన్నాడు పైడిబాబు.

"మరదే కదా మావా! నాను పట్టేసినాను."

"మంచి పని సేసినావు." టీ ఊదుకుని తాగి అడిగాడు. "మరాడు బతుకుతాడా?"

"నాకేటి తెలుసు? నానేమన్నా డాక్టర్నా?" అంది సత్యవేణి విసుగ్గా. ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నజాత్ వచ్చింది. ఇద్రీస్ డయాలసిస్ మీద ఉన్నాడు. ఫైలు మీద ఏదో పడిందన్న సంగతి ఆవిడకి తెలిసిపోయింది. చీరలాంటి పొడుగాటి బట్ట ఒంటికి, తలకి చుట్టుకుని, నిటారుగా వచ్చి, కూర్చోమనకుండానే కూర్చుంది. వెనకాల అవజ్. అతను సత్యవేణి మొహం చూడలేదు.

"నా మొగుడు చస్తుంటే నా కిడ్నీ ఇస్తానంటున్న. మీరెందుకు అడ్డం పడుతున్నరని అడుగుతున్నది" అన్నాడు గోడ వైపు చూస్తూ.

మర్యాదగా చెప్పొచ్చు, నియమం అని తప్పించుకోవచ్చు. సత్యవేణికి ఆ రెండూ చేతకావు.

"మొగుడు మొగుడు అంటే మొగుడైపోతాడా? మా దగ్గర బాబాయి కూతురంటే చెల్లెలు. చెల్లెల్ని ఎవడైనా పెళ్ళి చేసుకుంటాడా? అంటే మీది దొంగ పెళ్ళి, లేదంటే సిగ్గులేని పెళ్ళి. ఈ రెండిట్లో ఏదో చెప్పమను."

అవజ్ ఒక్క మాట తగ్గించకుండా చెప్పాడు. తగ్గించాల్సిన అవసరం అతనికేముంది!

నజాత్ అరవలేదు. మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. అవజ్ వెనకే చెప్పుకుపోయాడు. "చెల్లెలంటే ఒక్క తల్లి కడుపుల పుట్టాలె, ఒక్క తల్లి పాలు తాగాలె అంటున్నది. ఇద్రీస్ తల్లి వేరు, నా తల్లి వేరు. మా తాత మంచాన పడ్డప్పుడు మా ఇద్దరి చేతులు కలిపి, ఈ పిల్లని పరాయి ఇంటికి పంపకుండ్రి, మన ఇంట్ల ఉంటే కడుపుల పెట్టుకుంటరని చెప్పి పోయిండంట. మా ఊళ్ళ ఇంతకన్న గౌరవమైన పెండ్లి లేదంటున్నది."

సత్యవేణి పెదవి విరిచింది. తాత, మంచం, చేతులు కలపడం. కథలు బాగానే అల్లుతారు.

నజాత్ ఆ విరుపు చూసింది. అవజ్‌ని ఏదో అడిగింది.

"మీకు పెండ్లయిందా, ఎవర్ని చేసుకున్నరని అడుగుతున్నది."

"నాకేం, దర్జాగా చెప్తాను. నాది అసలు సిసలు మేనరికం. మా అమ్మ సొంత తమ్ముణ్ణి చేసుకున్నాను. పిల్లని బయటికి పంపని ఇల్లు మాది. చెప్పు."

అవజ్ మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. "మేడం, ఇది చెప్పాల్నా?"

"చెప్పవయ్యా! నాకేటి భయం?"

అవజ్ చెప్పాడు. నజాత్‌కి అర్థమైనట్టు లేదు. మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ చెప్పాడు. తల్లికి తోడబుట్టినవాడు అన్నట్టు రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించాడు.

నజాత్ కుర్చీని వెనక్కి జరుపుకుంది. కావాలని చేసింది కాదు. పళ్ళెంలో బొద్దింక కనపడితే చెయ్యి దానంతటదే వెనక్కి పోతుందే, అలా. బల్ల మీద పెట్టుకున్న చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. దేవుడి పేరు తలుచుకుంది. తర్వాత సత్యవేణి మెళ్ళో పుస్తెలతాడు వైపూ, మొహం వైపూ చూసి, గొంతు తగ్గించి ఏదో అంది.

"ఏమంది?" అంది సత్యవేణి.

"వదిలేయుండ్రి మేడం."

"ఏమందో చెప్పు!"

"మేనమామ అంటే తల్లి తోటి సమానం, తల్లి ఎంతో ఆయన గంతే అంటున్నది. తల్లి తమ్మునితోని కాపరం చేసిన మనిషి నన్ను సిగ్గు లేదా అని అడుగుడా అంటున్నది." అవజ్ మళ్ళీ గోడ వైపు తిరిగాడు. "మీకు పిల్లలున్నరా, ఉంటే వాళ్ళు మీకు బిడ్డలా, మేనమామ బిడ్డలా అని కూడ అడుగుతున్నది."

సత్యవేణికి కళ్ళు బైర్లు కమ్మాయి. "లే! లెగు ముందు! బయటికి నడువు!" అని అరిచిన అరుపుకి వరండాలో వీల్‌చైర్లో ఉన్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. నజాత్ లేచింది. పరుగెత్తలేదు, తల దించలేదు. బట్ట సర్దుకుని, ఏ మురుగునో దాటుతున్నట్టు ఆవిడ కుర్చీకి దూరంగా నడిచి వెళ్ళిపోయింది.

సత్యవేణి బాత్రూంలోకి పోయి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. ఎంత మాటంది! నా మావని, నా పిల్లల్ని! ఎక్కణ్ణుంచో వచ్చి, నా దేశంలో, నా కుర్చీ ముందు కూర్చుని! పళ్ళు నూరుకుంది. అద్దంలో తన మొహం చూసుకుంది. అప్పుడు తట్టింది, ఆ చూపు తనకి తెలుసని. ఆ పెదవి వంకర, ఆ ముడుచుకున్న ముక్కు, ముట్టుకుంటే అంటుకుంటుందేమో అన్నట్టు వెనక్కి జరిగిన ఒళ్ళు. నిన్న తను ఆ ఆడమనిషిని చూసింది సరిగ్గా అలాగే.

అద్దం ముందు చాలాసేపు నిలబడింది. దొంగ పెళ్ళాం అయితే బతిమాలుతుంది. కాళ్ళు పట్టుకుంటుంది, డబ్బు చూపిస్తుంది. మొగుడి ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషినే అసహ్యించుకునే దొంగ ఎక్కడన్నా ఉంటుందా? ఆ రోత నటన కాదు. తన పెళ్ళి నికార్సయిందని నమ్మిన ఆడదానికే ఎదుటి పెళ్ళి చూస్తే అంత రోత పుడుతుంది. ఈ సంగతి సత్యవేణికి ఒకరు చెప్పక్కర్లేదు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరందరి మీదా సామెత వేసే ఆవిడకి ఇవాళ తన నలుపు తనకి కనపడింది. కనపడ్డంత మాత్రాన కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. నజాత్ మీద ఒళ్ళు మండుతూనే ఉంది. కానీ ఆవిడ ఇద్రీస్ పెళ్ళామే. అందులో అనుమానం లేదు.

మండే ఒంటితోనే విష్ణువర్ధన్ గదికి పోయింది.

"సార్, ఆ సూడాన్ కేసు. నేను రాసింది తప్పు. వాళ్ళలో బాబాయి కూతుర్ని చేసుకుంటారట. తీసేస్తాను."

విష్ణువర్ధన్ లాప్‌టాప్ మూశాడు. "నిన్న అనుమానం అన్నారు. ఇవాళ లేదంటున్నారు. రాత్రికి రాత్రి ఏం మారింది?"

"కనుక్కున్నాను సార్."

"ఎవర్ని? ఆ దుబాసీనా?" నవ్వాడు. "సత్యవేణిగారూ, రేపు ఏదైనా తేడా వస్తే పోలీసులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? మొదట రాసినదానికీ రెండోసారి రాసినదానికీ మధ్య ఈవిడకి ఎంత ముట్టింది అని."

"సార్! నేను అలాంటి మనిషినా?"

"నేననట్లేదు. వాళ్ళంటారు. అయినా అది కమిటీకి వెళ్ళిపోయింది. చెప్పుకునేదేదో గురువారం అక్కడ చెప్పుకోండి."

ఎంత ఇస్తానన్నారు నీకు అని తను అవజ్‌ని అడిగిన మాట చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. సత్యవేణి గది బయటికి వచ్చి, అవజ్ కోసం చూసింది. అతను మందుల కౌంటరు దగ్గర ఎవరికో సాయం చేస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి, "గురువారం నువ్వు గట్టిగా చెప్పాలి" అంది. క్షమించు అన్న మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"నేను దుబాసీని మేడం. అడిగింది చెప్తా, గంతే" అన్నాడతను.

గురువారం వచ్చింది. కమిటీకి పెద్ద నరసరాజు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరై సైనిక్‌పురిలో ఉంటాడు. పక్కన ఇద్దరు డాక్టర్లు, ఒక ఆఫీసరు. ముందు ఇద్రీస్‌ని పిలిచి అడగాల్సినవి అడిగి బయటికి పంపారు. తర్వాత నజాత్‌ని కూర్చోబెట్టారు. నరసరాజు కళ్ళజోడు సవరించుకుని సత్యవేణి రాసింది పైకి చదివాడు. చదువుతున్నంతసేపూ సత్యవేణి నేల చూపులు చూసింది.

"సార్, అది నేను తెలియక రాశాను" అంది ఆయన ఆపగానే. "వాళ్ళ ఆచారం అది. నేను మన లెక్కలో చూశాను."

ఒక డాక్టరు తల ఊపాడు. "వాళ్ళలో ఉంటుంది సార్. మా ఓపీలో చూస్తూనే ఉంటాం."

"బాబాయి కూతుర్నా?" నరసరాజు మొహం చిట్లించాడు. "మనలోనూ మేనరికాలున్నాయి, కాదనను. దానికీ ఒక హద్దుంటుంది కదండీ."

"నేను చేసుకుంది మా మేనమామని సార్. ఈవిడ లెక్కలో అది పాపం. అయినా నేను మా మావకి పెళ్ళాన్ని కాకుండా పోతానా?" ఇంతమంది మగాళ్ళ ముందు ఆ మాట అంటుంటే సత్యవేణికి తల కొట్టేసినట్టైంది. మెళ్ళో పుస్తె మీద చెయ్యి వేసుకునే అంది.

నరసరాజు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, మీ పెళ్ళి సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు. ఆచారం ఉంటే ఉండొచ్చు. కానీ అనుమానం కాయితం మీదికి ఎక్కేసింది, అదీ విచారించిన మనిషే ఎక్కించింది. దాన్ని చూసి కూడా మేం సంతకం పెడితే రేపు మా మెడకి చుట్టుకుంటుంది. రాయబార కార్యాలయం వాళ్ళు ఆ ఊళ్ళో మళ్ళీ విచారించి, పెళ్ళి జరిగింది నిజమేనని రాసిస్తే అప్పుడు చూద్దాం."

"ఆ ఊళ్ళో యుద్ధం సార్. విచారించడానికి ఎవరున్నారు? నెలాఖరుకి వీసా అయిపోతుంది."

"అది మా చేతిలో లేదు కదమ్మా."

అవజ్ అంతా నజాత్‌కి చెప్పాడు. నజాత్ సత్యవేణి వైపు తిరిగింది. ఆ కళ్ళలో మొన్నటి అసహ్యం అలాగే ఉంది, దాని పక్కన ఇంకేదో లెక్క వేస్తున్నట్టు ఉంది. ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

"మీరందరు నేను అతనికి చెల్లెల్ని అంటున్నరట గదా" అని చెప్పాడు అవజ్. "సరే, చెల్లెలనే రాసుకోండ్రి అంటున్నది. చెల్లెలి కిడ్నీ మీ చట్టం ఒప్పుకుంటది గదా. నేను పెండ్లాన్ని కాదని సంతకం పెడ్త. తలాక్ ఇమ్మంటే ఇప్పిస్త. చెల్లెలని రాసి, కిడ్నీ తీసుకోండ్రి."

ఆఫీసరు తన ఫోను తీసి, అందులో ఏమీ లేకపోయినా చూసుకున్నాడు.

"అలా కుదరదమ్మా" అన్నాడు నరసరాజు, ఈసారి మెత్తగానే. "చట్టంలో చెల్లెలంటే ఒక తల్లిదండ్రులకి పుట్టాలి. బాబాయి కూతురు చెల్లెలు కాదు."

మొన్న నజాత్ చెప్పిందీ అదే మాట. సత్యవేణి పెదవి విరిచిందీ ఆ మాటకే.

"చెప్పవయ్యా" అన్నాడు నరసరాజు.

అవజ్ లేచి నిలబడ్డాడు. "పెండ్లాం గాదనడానికి చెల్లెలని చెప్పిన్రు. ఇప్పుడు చెల్లెలు సుత గాదంటున్రు. ఇది నా నోటితోని చెప్ప సార్. నౌకరీ పోతే పోనీ." అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

చెప్పడానికి ఎవరూ లేకపోయినా నజాత్‌కి అర్థమైంది. మొహాలు చూస్తే అర్థం కానిదేముంది? నరసరాజు కలం తీసి అనుమతి లేదని రాశాడు. మిగతావాళ్ళు వరసగా సంతకాలు పెట్టారు. సత్యవేణి, "భార్యే సార్, ఆవిడ భార్యే" అని రెండుసార్లు అంది. ఎవరూ తల ఎత్తలేదు.

బయట వరండాలో ఇద్రీస్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కమిటీ వాళ్ళు బయటికి వస్తుంటే గోడ పట్టుకుని లేచాడు. నరసరాజు వెళుతూ వెళుతూ జాలిపడి అతని భుజం తట్టాడు. ఆ తట్టడం చూసి ఇద్రీస్ అనుమతి వచ్చేసిందనుకున్నాడు. మొహం నిండా నవ్వుతో ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని షుక్రన్, షుక్రన్ అన్నాడు. నరసరాజు చెయ్యి విడిపించుకుని గబగబా లిఫ్టు వైపు నడిచాడు.

తర్వాత ఇద్రీస్ సత్యవేణి వైపు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. "ఆపరేషన్, మేడం? ఏ రోజు?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. నజాత్ వచ్చి అతని పక్కన నిలబడి, అతను పడిపోకుండా నడుం చుట్టూ చెయ్యి వేసింది. అతనికి ఏమీ చెప్పలేదు. సత్యవేణి మొహంలోకి చూస్తూ, ఆవిడ ఏం చెప్తుందా అని తనూ నిలబడింది.